ఏపి కర్ర, కావేరి గడ్డి, కరవది ఊపిరి: షేక్ చినమౌలానా, నాగస్వరం తయారీ కథ

నిజానికి ఈ వారం మాట్లాడాలనుకున్నది ఆదోని కోట గురించి. నోట్సు కూడా రాసి పెట్టుకున్నాను. మధ్యలో మా మేనల్లుడు ఒక వీడియో పంపించి నా పని చెడగొట్టాడు. వాడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక శనివారం సాయంత్రం ఎక్కడో ఒక చిన్న హాల్లో పాటలు పెట్టారంట, వెళ్లాడు. ఆ వీడియోలో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చంక కింద ఒక తోలు సంచి. కుడి మోచేతి కింద బెల్టుతో కట్టిన చిన్న తిత్తి, అచ్చం కమ్మరి కొలిమి దగ్గర ఉండేలాంటిదే, కాకపోతే బుల్లిది. మోచెయ్యి ఆడిస్తుంటే తిత్తి గాలి పీల్చి సంచిలోకి పంపుతుంది. సంచి గాలి తొడ మీద ఆనించిన పిల్లనగ్రోవి లాంటి గొట్టంలోకి పోతుంది. నోటితో ఊదే పనే లేదు. కావాలంటే వాయిస్తూ పక్కవాడితో మాట్లాడొచ్చు. వీడియో కింద మావాడు ఒకే ముక్క రాశాడు: "మామా, ఇది మన తిత్తే కదా?"

దాని పేరు ఇలన్ పైప్స్. ఐరిష్ భాషలో మోచేతికి ఉన్న మాట నుంచి వచ్చిన పేరు అది. మన తిత్తికి చుట్టమే గానీ మన తిత్తి కాదు అని జవాబు రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే మన తిత్తి గురించి వాడికి చూపించడానికి నా దగ్గర ఒక్క వీడియో లేదు. వాళ్ల వాద్యం ఇవాళ హాల్లో మోగుతోంది, మన తిత్తి మాటల్లోనే మిగిలింది. మరి మన సన్నాయి? అది ఎటువైపు పోతోంది? ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న లోంచి పుట్టింది.

ముందు మా ఊరి సంగతి. కైరుప్పల అనగానే మీలో చాలామందికి పిడకల సమరం గుర్తొస్తుంది. ఉగాది మరునాడు ఊరంతా రెండు వర్గాలై పిడకలు విసురుకోవడం, టీవీ వాళ్లు వచ్చి 'వింత ఆచారం' అని చూపించడం, ఇదంతా ప్రతి ఏడాదీ చూస్తూనే ఉంటారు. వీరభద్రస్వామికీ కాళమ్మకూ మధ్య ప్రేమ, పెళ్లి దగ్గర వచ్చిన తగువు, దాని కోసం ఇరువైపుల వాళ్లూ పిడకలతో కొట్టుకోవడం. దెబ్బలు తగిలినోళ్లు గుడికి పోయి విభూది పూసుకుంటారు. తర్వాత స్వామికీ అమ్మవారికీ కళ్యాణం. కెమెరాలు పిడకల దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ గుర్తుండిపోయింది ఆ దుమ్ము సద్దుమణిగాక వినిపించే సన్నాయి.

మా చిన్నతనంలో పండగలకూ పెళ్లిళ్లకూ మా వైపు ఊళ్లల్లో వాయించిన ఒక దూదేకుల తాత ఉండేవాడు. మేమంతా సాయిబు తాత అనేవాళ్లం. వీరభద్రుడి గుడి ముందర సాయిబు వాయించడం ఏంటి అని ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన మేళం రాకపోతేనే అనుమానం వచ్చేది, పెళ్లి ఆగిపోయిందేమో అని. ఆయన సన్నాయికి ఒక దారం కట్టి ఉండేది. దానికి నాలుగైదు పీకలు, ఒక సన్నటి దంతపు సూది వేలాడుతుండేవి. వాయించడం ఆపినప్పుడల్లా ఒక పీక తీసి, నోట్లో తడిపి, సూదితో సర్ది, ఇంకోటి పెట్టేవాడు. పిల్లలం మాకు అదే పెద్ద వినోదం. ఒకసారి సన్నాయి పట్టుకుని చూస్తానంటే ఇచ్చాడు. చెయ్యి కిందికి దిగిపోయింది. "ఏం నాయనా, బరువుందా? మన ఏపి కర్రే అది. అరవం దేశం పోయి పాట నేర్చుకొని వచ్చింది" అన్నాడు. అప్పట్లో నవ్వుకున్నాను. ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

మేనల్లుడు అడిగిన తిత్తి సంగతి త్వరగా చెప్పేస్తాను. మేక తోలును చీల్చకుండా నిండుగా ఒలిచి, ఒక కాలి దగ్గర ఊదే గొట్టం, ఇంకో చోట పీక ఉన్న గొట్టం బిగించి, మిగతా రంధ్రాలు కట్టేస్తారు. అది రాగాలు పలకదు. ఒకే స్వరం, శ్రుతి. హార్మోనియం రాకముందు వీధి భాగవతాలకూ కూచిపూడి ఆటకూ శ్రుతి ఇచ్చింది ఇదే. కాటమరాజు కథ చెప్పే కొమ్ములవాళ్లు వీరణంతో, తాళాలతో పాటు తిత్తి కూడా పెట్టుకునేవాళ్లు. పద్యనాటకాలతో హార్మోనియం ఊరూరా చేరింది, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చింది. తిత్తి పని వేరేదెవరో చేస్తుంటే తిత్తి ఎందుకు? నాగస్వరం పక్కన కూడా 'ఒత్తు' అని ఒక పొడుగాటి గొట్టం ఉండేది. రాగం పలికించే రంధ్రాలు లేనిది, శ్రుతి కోసమే. దాన్ని పట్టుకుని గుక్క తిప్పుకోకుండా గంటల తరబడి ఒకే స్వరం ఊదడం ఒక మనిషి ఉద్యోగం. శ్రుతిపెట్టె ఆ మనిషిని కూడా ఇంటికి పంపేసింది. శ్రుతి పోయినా రాగం మిగిలింది కాబట్టి నాగస్వరం బతికింది. దాన్ని బతికించిన వాళ్లల్లో మన తెలుగు మనిషి ఒకాయన గురించి ఇప్పుడు కాస్త నింపాదిగా మాట్లాడుకుందాం.

షేక్ చినమౌలానా గారు 1924లో ఒంగోలు పక్కన కరవదిలో పుట్టారు. అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు ప్రకాశం జిల్లా. తరతరాలుగా దేవాలయాల్లో నాగస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబం. మొదటి పాఠాలు తండ్రి కాశిం సాహెబ్ గారి దగ్గర. తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర. చిలకలూరిపేట అప్పట్లో నాగస్వరానికి పెద్ద పీఠం అనుకోండి. ఆంధ్ర దేశంలో ఎక్కడ ఉత్సవం జరిగినా ఆ వైపు నుంచి మేళం రావాలి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. చినమౌలానా గారి గురించి ఎవరు మాట్లాడినా 'మతసామరస్యానికి ప్రతీక' అని ఒక వాక్యం అనేసి ముగిస్తారు. కాశీలో బిస్మిల్లా ఖాన్, శ్రీరంగంలో చినమౌలానా అని జత కడతారు. తప్పని నేను అనను. కానీ ఆ ఒక్క వాక్యంతో ఆయన పడ్డ కష్టం మాయమైపోతుంది. సాయిబు అయ్యుండి గుళ్లో వాయించాడు అన్నది ఆయన ఇంట్లో వింత కాదండీ, కులవృత్తి. అసలు వింత ఏమిటంటే, చేతికి వచ్చిన విద్య ఉండి కూడా, తన ఊళ్లో పేరు ఉండి కూడా, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి వెళ్లడం.

ఎందుకు వెళ్లారు? ఒక ధ్వని విన్నారు కాబట్టి. ఆ ధ్వని తిరువావడుదురై రాజరత్నం పిళ్లై గారిది. 1898లో పుట్టి 1956లో పోయిన మనిషి. తోడి రాగం అంటే ఆయనే అని తమిళ దేశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక రాగాన్ని పట్టుకుని గంటల కొద్దీ విస్తరించే తంజావూరు బాణీ ఆయనది. అది చినమౌలానా గారి చెవిలో పడింది. ఆ బాణీ పట్టుకోవడం కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం పిళ్లై, దురైకన్ను పిళ్లై గార్ల దగ్గర శిష్యరికం చేశారు. భాష వేరు, ఊరు వేరు, వాయించే పద్ధతే వేరు. కొత్తది నేర్చుకోవాలంటే చేతికి అలవాటైనదాన్ని ముందు మానుకోవాలి. వాద్యం వాయించే ఎవరినైనా అడగండి, నేర్చుకోవడం కన్నా మానుకోవడమే కష్టం అంటారు.

1960లలో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథుడంటే ఆయనకు ప్రాణం. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యులను తయారు చేశారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకన్నా పెద్ద బిరుదు లేదు. నాగస్వరానికి ఆ పీఠం దక్కడం చాలా అరుదు. ఎక్కువగా గాత్రం, వీణ, వయొలిన్ వాళ్లకే వెళ్లేది. సన్నాయి అంటే పెళ్లి ఊరేగింపులో ముందు నడిచేది, కచేరీ వేదిక మీద కూర్చునేది కాదు అన్న చిన్నచూపు పైకి చెప్పకపోయినా ఉండనే ఉంది. మరుసటి సంవత్సరమే, 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన మనవళ్లు షేక్ కాశిం, షేక్ బాబు ఆ బాణీని కొనసాగిస్తున్నారు.

ఆయన రికార్డింగులు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. నా సలహా ఏమిటంటే, ముందు కీర్తన వినకండి. ఆలాపన వినండి. మంద్రంలో మొదలుపెట్టి ఒక్కో స్వరం దగ్గర ఆగుతూ పైకి వెళ్తారు. ఆ ఆగడంలో తంజావూరు ఉంటుంది. తర్వాత స్వరకల్పనలో వేగం అందుకున్నప్పుడు చిలకలూరిపేట బయటపడుతుంది. నాకైతే అలా వినిపిస్తుంది. సంగీతం తెలిసినవాళ్లు నన్ను దిద్దొచ్చు.

సరే, ఆ ధ్వని విని ఆయన వెళ్లారు అన్నాను కదా. ఆ ధ్వని రాజరత్నం పిళ్లై గారి ఊపిరి ఒక్కటేనా? కాదు. ఇక్కడ కథలోకి ఒక ఆచారి వస్తాడు.

పాతకాలం నాగస్వరం పొట్టిది. తిమిరి అంటారు. శ్రుతి ఎక్కువ, గొంతు తీక్షణంగా ఉంటుంది. ఊరేగింపులో మూడు వీధుల అవతలికి వినపడడానికి అది బాగుంటుంది. కూర్చుని రాగం విస్తరించాలంటే మాత్రం చెవికి భారం. రాజరత్నం పిళ్లై గారు పొడుగాటి బారి నాగస్వరాన్ని, తక్కువ శ్రుతిని ప్రచారంలోకి తెచ్చారు. దాంతో ఒక చిక్కు ఉంది. శుద్ధ మధ్యమం రంధ్రం మీద సూటిగా పలికేది కాదు. వాయించేవాడే పెదవితో, ఊపిరితో దాన్ని సరిచేసి పలికించాలి. ఆ చిక్కు విప్పింది నరసింగంపేట రంగనాథన్ ఆచారి గారు. కుంభకోణం దగ్గర చిన్న ఊరు అది. గొట్టం పొడుగు, లోపలి తొలిచిన వెడల్పు, రంధ్రాల మధ్య దూరం మళ్లీ లెక్క వేసి, శుద్ధ మధ్యమం తిన్నగా పలికే వాద్యం చేసి ఇచ్చారు. ఇవాళ కచేరీల్లో మీరు చూసే పెద్ద నాగస్వరం ఆ చేతి లెక్కే. రాజరత్నం పిళ్లై పేరు తెలిసినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ ఆచారి పేరు తెలిసినవాళ్లు? ఈ ఎపిసోడ్ చేయాలనుకునే దాకా నాకూ తెలియదు, సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు తయారీ చూద్దాం. చెక్క ఆచ్చా అంటారు తమిళంలో. అది ఏదో కావేరి ఒడ్డు చెట్టు అనుకున్నాను చాలా రోజులు. కాదు. ఆచ్చా అంటే మన ఏపి చెట్టు, నారయేపి. కర్నూలు, అనంతపురం, బళ్లారి వైపు ఎండు కొండల్లో పెరిగేదే. ఒక్కో కాడకు రెండు ఆకులు అతుక్కుని, మేక గిట్ట అచ్చు వేసినట్టు ఉంటుంది. బెరడు నుంచి నార తీసి తాళ్లు పేనేవాళ్లు, అందుకే నారయేపి. ఆకు మేకలకు మేత. లోపలి చేవ నల్లటి ఎరుపు, ఎంత బరువంటే నీళ్లల్లో వేస్తే మునిగిపోతుంది. మన దేశంలో అతి గట్టి కర్రల్లో అదొకటి. సాయిబు తాత చెప్పింది అక్షరాలా నిజం.

కానీ అడవికి పోయి చెట్టు కొట్టుకొచ్చి సన్నాయి చేస్తే పనికిరాదు. పచ్చి కర్రలో తడి ఉంటుంది, ఆరేకొద్దీ పగులుతుంది, శ్రుతి మారుతుంది. అందుకని నరసింగంపేట ఆచారులు పాత ఇళ్లు పడగొట్టే చోటికి పోయి దూలాలు, స్తంభాలు కొనుక్కొస్తారు. దశాబ్దాల పాటు ఒక కుటుంబాన్ని మోసి, పొగకూ గాలికీ ఆరి, ఇంక పగలాల్సింది ఏమీ లేని కర్ర. అది కోసి, చదరం చేసి, తరిమెన మీద ఎక్కిస్తారు. పూర్వం తరిమెనను తిప్పడానికి ఒక మనిషి తాడు లాగుతుంటే ఆచారి ఉలి పట్టుకునేవాడు. తర్వాత మోటారు వచ్చింది. అసలు పనితనం లోపల తొలవడంలో ఉంది. రంధ్రం పై నుంచి కిందికి ఒకే వెడల్పు కాదు. పైన సన్నంగా మొదలై కిందికి పోయేకొద్దీ విప్పారాలి. పొడుగాటి బరమాలు ఒకదాని తర్వాత ఒకటి వేసి తొలుస్తారు. కర్ర రాయిలా ఉంటుంది, రెండున్నర అడుగుల లోతు, కంటికి కనపడదు. కాస్త పక్కకు పోయిందా, ఆ కర్ర పొయ్యిలోకే.

పైన ఏడు రంధ్రాలు వేళ్లకు. కింది భాగంలో ఇంకో ఐదు ఉంటాయి, వాటి మీద వేలు పెట్టరు. అవి శ్రుతి సర్దుకోవడానికి. మైనంతో మూయొచ్చు, కాస్త తెరవొచ్చు. అడుగున గరాటు లాంటి మూతి వేరే చెక్క, దిరిసెనతో చేస్తారు. పైన లోహపు చిన్న గొట్టం, దానికి పీక.

ఇక పీక. జీవాళి అంటారు కొందరు. మన తెలుగు చెవికి ఆ మాటలో జీవం వినపడుతుంది, వినపడాలి కూడా. కావేరి ఒడ్డున పెరిగే ఒక రెల్లు జాతి గడ్డి కాడ అది. కోసి, చాలాకాలం ఎండబెట్టి, ఉడకబెట్టి, అణిచి, రెండు పెదవుల్లాగా చేసి దారంతో కడతారు. ఈ పనికి పేరున్న ఊరు తిరువావడుదురై. అవును, రాజరత్నం పిళ్లై గారి ఊరే. ఒకే చుట్టుపక్కల మైళ్లల్లో గొట్టం చేసేవాడు, పీక కట్టేవాడు, వాయించేవాడు. వాయించేవాడు పొద్దున బాగాలేదంటే చేసేవాడు సాయంత్రానికి సరిచేసి ఇస్తాడు. ఒక వాద్యం ఎదగడానికి ఇంతకన్నా ఏం కావాలి? చినమౌలానా గారు అక్కడికి వెళ్లింది గురువు కోసమే. కానీ గురువుతో పాటు ఈ పనివాళ్లు కూడా ఆ చుట్టుపక్కలే దొరికారు.

ఇక్కడ నాకు చరిత్ర కాస్త వేళాకోళం ఆడినట్టు అనిపిస్తుంది. తంజావూరును 1532 ప్రాంతం నుంచి 1673 దాకా ఏలింది తెలుగు మాట్లాడే నాయక రాజులు. ఆ గడ్డ మీదే కాకర్ల ఇంటిపేరున్న త్యాగయ్య తెలుగులో కీర్తనలు కట్టారు. ఆ కీర్తనలు వాయించే వాద్యానికి కర్ర మన ఎండు కొండల చెట్టుది, చేసే చెయ్యి తమిళ ఆచారిది, ఊపిరి కరవది సాయిబుది. ఇందులో దేన్ని పట్టుకుని ఇది మాదే అనాలి? అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వీణకైతే మనకు బొబ్బిలి ఉంది, నూజివీడు ఉంది. నాగస్వరానికి అంత పేరున్న పనివాళ్ల ఊరు మన వైపు తయారు కాలేదు. మేం కర్ర ఇచ్చాం, మనుషులను ఇచ్చాం, కొలిమి మాత్రం పెట్టుకోలేదు.

మళ్లీ ఒకసారి ఐర్లండ్ వెళ్దాం, మా మేనల్లుడి ప్రశ్న దగ్గరికి. 1968లో అక్కడ ఇలన్ పైప్స్ వాయించేవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, నా పీబరీ ఇలన్ అని. అప్పటికి వాయించేవాళ్లు దేశమంతా వెతికితే వంద మంది కూడా ఉండరని చెప్పుకుంటారు. తిత్తి దారిలోనే ఉంది అదీ. దాన్ని ఈవలికి లాగిన వాళ్లల్లో లియో రౌసమ్ అనే ఆయన ఒకరు. 1903లో పుట్టి 1970లో పోయారు. ఆయన తండ్రి పైప్స్ తయారుచేసినవారు. ఈయన తయారుచేశారు, వాయించారు, డబ్లిన్ సంగీత పాఠశాలలో ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. మూడు పనులూ ఒకే మనిషి. ఆయన శిష్యుల్లో తర్వాత ప్రపంచం తిరిగినవాళ్లు ఉన్నారు. ఆ సంఘం ఇవాళ పిల్లలకు వాయించడంతో పాటు పీక కట్టడం కూడా నేర్పిస్తుంది. నాకు ఆ ఒక్క సంగతి బాగా నచ్చింది. 2017లో యునెస్కో ఆ కళను తన జాబితాలో చేర్చింది. కానీ అంతకు యాభై ఏళ్ల ముందే వాళ్లు తమ పని తాము మొదలుపెట్టుకున్నారు, గుర్తింపు తర్వాత వచ్చింది.

మనకూ ఒక గుర్తింపు వచ్చింది. 2022లో నరసింగంపేట నాగస్వరానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. మంచిదే. వేరేవాళ్లు ఆ పేరు పెట్టి అమ్ముకోకుండా కాపాడుతుంది. పాత దూలం తెచ్చి ఇస్తుందా? ఆచారి కొడుకును తరిమెన ముందు కూర్చోబెడుతుందా? ఆ ఊళ్లో ఈ పని చేసే కుటుంబాలు ఇప్పటికే కొద్ది. పాత మిద్దెలు పడగొట్టడం అయిపోయాక పాత కర్ర ఎక్కడిది? ఎమ్మిగనూరు వాళ్లకు ఇది నేను వివరించక్కర్లేదు. మాచాని సోమప్ప గారు 1938లో నేతవాళ్లను ఒక సహకార సంఘంగా కట్టకపోయి ఉంటే, ఎమ్మిగనూరు మగ్గం పేరు మిగిలేదా? నూలు ఎవరు తేవాలి, గుడ్డ ఎవరు కొనాలి అన్నది తేలితేనే మగ్గం ఆడింది. బిరుదులతో ఆడలేదు.

మన వైపు ఏమీ లేదని కూడా అనలేను. కర్నూలు శారదా సంగీత కళాశాల ఉంది. అక్కడ ప్రిన్సిపాల్‌గా చేసిన చంద్రమౌళి గారి దగ్గర నేర్చుకుని, తర్వాత శ్రీరంగం వెళ్లి చినమౌలానా గారి శిష్యులైన జంట షేక్ మహబూబ్ సుబాని, కాలీషాబి మహబూబ్. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. కాలీషాబి గారు కూడా నాగస్వర కుటుంబంలో పుట్టినామెే. ఆడవాళ్లకు ఈ వాద్యం ఊపిరి చాలదు అనే మాట మా చిన్నప్పుడు పెద్దవాళ్ల నోట విన్నాను. ఆమె వాయించేది ఒకసారి వినిపిస్తే ఆ పెద్దవాళ్లు ఏమనేవాళ్లో! భద్రాచలం రాముడి గుళ్లో వాయించిన గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన పోయిన తర్వాత. వాయించేవాళ్లకు బిరుదులు ఆలస్యంగానైనా వస్తున్నాయి. చేసేవాళ్ల దగ్గరికి అవి ఇంకా దారి కనుక్కోలేదు.

వీడియో చూసిన రెండు రోజులకు సాయిబు తాత ఇంటికి వెళ్లాను. తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన మనవడు ఆటో నడుపుతాడు. సన్నాయి ఉందా అబ్బాయ్ అంటే అటక మీద నుంచి పాత చీరలో చుట్టింది దించాడు. గొట్టం చెక్కుచెదరలేదు. వేళ్లు ఆనిన చోట రంధ్రాల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. కర్ర ఎవరు తెచ్చారో, ఎవరు తొలిచారో ఎక్కడా గుర్తు లేదు. తాత బతికుండగా ఏ రాగం ఎప్పుడు వాయిస్తావని వందసార్లు అడిగాను గానీ ఇది ఎవరి చేత చేయించావని ఒక్కసారి అడగలేదు. దారానికి ఇంకా రెండు పీకలు వేలాడుతున్నాయి. ఒకటి ముట్టుకుంటే పొడి అయిపోయింది. దంతపు సూది అలాగే ఉంది.

మనవడు ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. నవ్వాడు. "సార్, దీనికి పీక యాడ దొరుకుతుంది?" అన్నాడు. తిరువావడుదురై అని కాగితం మీద తెలుగులో రాసిచ్చాను, కుంభకోణం దాకా ఏ రైలు పోతుందో కూడా చెప్పాను. రైలు ఎక్కలేదు గానీ ఎవరెవరినో పట్టుకుని ఫోన్ మీదే నాలుగు పీకలు తెప్పించుకున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి పలికించి వినిపించాడు. "గాడిద అరిచినట్టుంది కదా సార్" అని వాడే అన్నాడు. అలాగే ఉంది. రోజూ ఆటో పెట్టేశాక అరగంట ఊదుతున్నాడంట, పక్కింటివాళ్లు తిడుతున్నారంట. వచ్చే ఉగాదికి కైరుప్పల వస్తావా అని అడిగితే, వాయించడానికి కాదు, పిడకలు విసరడానికి వస్తానన్నాడు.

ఆ ఫోన్ రికార్డింగు మా మేనల్లుడికి పంపాను, "ఇది మన సన్నాయి" అని రాసి. వచ్చే వారం మాత్రం ఎవరు ఏ వీడియో పంపినా సరే, ఆదోని కోటే.